రొమ్ము క్యాన్సర్‌కి బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేయించాలా? ట్రయల్‌లో చేరితే మన మీద ప్రయోగాలు చేసినట్టేనా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. అమ్మగారికి 47 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, చంకలోంచి తీసిన లింఫ్ గ్రంథుల్లో పదకొండింటిలో క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు ఎనిమిది కీమోలు, తర్వాత రేడియేషన్ అన్నారు. ఒక ట్రయల్ (వైద్యాన్ని పేషెంట్లలో పరీక్షించి చూసే అధ్యయనం) ఉంది, ఇష్టమైతే చేరండి, ఏ మందు వస్తుందో కంప్యూటర్ నిర్ణయిస్తుంది అని కూడా చెప్పారు. న్యూజెర్సీలో ఉన్న మీ మామయ్య గారేమో, "ఇక్కడ తొంభైల్లోనే ఇలాంటివాళ్లకి హై డోస్ కీమో ఇచ్చి బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేసేవాళ్లు, డబ్బు నేను పంపిస్తాను, అది చేయించండి" అంటున్నారు. ఇంట్లో రెండు వర్గాలయ్యాయి. మీకు నిద్ర పట్టడం లేదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ట్రాన్స్‌ప్లాంట్ వద్దు. మీ మామయ్య గారు చెప్పింది అబద్ధం కాదు, అక్కడ నిజంగానే చేసేవాళ్లు. వేల మందికి చేశాక, పని చేయడం లేదని తేలి మానేశారు. ట్రయల్ సంగతి వేరు. అది పెద్ద ఆసుపత్రిలో, ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) అనుమతితో జరుగుతున్నదైతే భయపడాల్సిన పని లేదు. చేరాలా వద్దా అన్నది కాగితాలు చదివి అమ్మగారే తేల్చుకోవాలి.

నేను డాక్టర్ని కాను. మొదట ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌లో నర్సుగా పనిచేశాను, తర్వాత క్యాన్సర్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా మారాను. కన్సెంట్ (అంగీకార) ఫారాలు చదివి వినిపించడం, ఫైళ్లు సరిచూడటం, ఆడిటర్లు వచ్చినప్పుడు వాళ్ల ముందు కూర్చోవడం నా పని. మందుల విషయంలో చివరి మాట మీ డాక్టరుదే. ఈ ట్రాన్స్‌ప్లాంట్ కథ మాత్రం మా రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసి తీరాల్సినది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అసలు ట్రాన్స్‌ప్లాంట్ ఏం చేస్తుంది? చాలామంది మూలుగ (బోన్‌మ్యారో) మార్చడమే వైద్యం అనుకుంటారు. మీ అమ్మగారిలాంటి కేసుల్లో చేసిన రకంలో (మన కణాలే మనకి తిరిగి ఎక్కించేది, ఆటోలోగస్ అంటారు) వైద్యం చేసేది కీమోనే. మామూలు డోసుకి కొన్ని రెట్లు కీమో ఇస్తే ఎముకల్లోని మూలుగ చచ్చిపోతుంది, ఇక తెల్ల కణాలు తయారుకావు, మనిషి ఇన్‌ఫెక్షన్‌తో పోతాడు. అందుకని ముందే మూలకణాలు (రక్తకణాల్ని తయారుచేసే స్టెమ్ సెల్స్) తీసి గడ్డకట్టించి దాచి, హై డోస్ ఇచ్చాక మళ్లీ ఎక్కిస్తారు. అంటే ట్రాన్స్‌ప్లాంట్ పని, ఆ కీమో దెబ్బనుంచి మనిషిని బతికించడం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ క్యాన్సర్‌కి అంత డోసు ఇస్తే అదనంగా లాభం ఉందా?

ఉన్న జబ్బులున్నాయి. మూలుగలో పుట్టే క్యాన్సర్ మల్టిపుల్ మైలోమా తీసుకోండి. ఫ్రాన్స్‌లో 200 మందితో చేసి 1996లో ప్రచురించిన ట్రయల్‌లో, అయిదేళ్ల తర్వాత ట్రాన్స్‌ప్లాంట్ గ్రూపులో 52 శాతం, మామూలు కీమో గ్రూపులో 12 శాతం బతికి ఉన్నారు. తిరగబెట్టిన, కానీ కీమోకి లొంగుతున్న లింఫోమాలో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) 1995 నాటి పార్మా అనే ట్రయల్ కూడా అలాగే తేల్చింది: ట్రాన్స్‌ప్లాంట్‌తో 53 శాతం, మామూలు కీమోతో 32 శాతం. అందుకే ఆ జబ్బుల్లో ట్రాన్స్‌ప్లాంట్‌కి స్థానం వచ్చింది. కొత్త మందులు ఎన్ని వచ్చినా మైలోమాలో ఇప్పటికీ చేస్తున్నారు. బ్లడ్ క్యాన్సర్లలో అన్నదమ్ముల నుంచో వేరే దాతల నుంచో తీసుకునే రకం వేరు. అక్కడ దాత కణాలే క్యాన్సర్ మీద దాడి చేస్తాయి. దానికి పునాది వేసిన డొన్నాల్ థామస్‌కి 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటిది 1983లో ముంబైలోని టాటా మెమోరియల్‌లో జరిగింది.

ట్రాన్స్‌ప్లాంట్ గది ఎలా ఉంటుందో చూడనివాళ్లకి అది ఖరీదైన ఇంజెక్షన్‌లా అనిపిస్తుంది. మైలోమా పేషెంట్లకి మెల్ఫలాన్ అనే కీమో మందు ఎక్కించేటప్పుడు నోట్లో ఐసు ముక్కలు పెట్టి చప్పరించమంటాం, నోరు పుండ్లు పడకుండా. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన దవడలు తిమ్మిరెక్కి "ఇంక నా వల్ల కాదు బిడ్డా" అని గిన్నె తోసేసేవారు, వాళ్లావిడ బతిమాలి మళ్లీ ఒకటి పెట్టేది. కణాలు ఎక్కించిన రోజు గదంతా ఒక రకం వెల్లుల్లి వాసన వస్తుంది. కణాలు గడ్డకట్టించడానికి వాడే రసాయనం ఊపిరిలోంచి బయటికొచ్చే వాసన అది, రెండ్రోజులకి పోతుంది. ఆ తర్వాత తెల్ల కణాలు దాదాపు సున్నాకి పడిపోతాయి. జ్వరం, విరేచనాలు, నోట్లో పుండ్లు. ఇంటి నుంచి ఆవకాయ తెచ్చిన కోడలిని నేనే గుమ్మం దగ్గర ఆపాను. పచ్చి కూర, కోసిన పండు, పూలు ఏవీ లోపలికి రావు. ఇదంతా పడటానికి తగిన లాభం ఉంటేనే పడాలి.

ఇక రొమ్ము క్యాన్సర్ కథ. 1980ల్లో ఆలోచన ఇలా సాగింది: ల్యాబులో మందు డోసు పెంచితే క్యాన్సర్ కణాలు ఎక్కువ చస్తున్నాయి. అయితే మనిషిలోనూ అంతే కదా? బోస్టన్‌లోనూ డ్యూక్ యూనివర్సిటీలోనూ మొదలుపెట్టారు. తొలి ఫలితాలు చాలా బాగున్నాయి. గడ్డలు కరిగిపోయాయి, పాత పేషెంట్ల రికార్డులతో పోలిస్తే వీళ్లు ఎక్కువకాలం బతుకుతున్నట్టు కనబడింది. ఇక్కడే ఇరుక్కున్నారు.

ఎవరికి చేశారు? వయసు తక్కువ ఉన్నవాళ్లకి, గుండె, కిడ్నీ బాగున్నవాళ్లకి, మామూలు కీమోకి అప్పటికే గడ్డ కరుగుతున్నవాళ్లకి, స్కానుల్లో ఇంకెక్కడా జబ్బు లేదని తేలినవాళ్లకి. మన కార్పొరేట్ కాలేజీ ఎంట్రన్స్ పెట్టి మంచి మార్కులవాళ్లనే చేర్చుకుని, ర్యాంకులొచ్చాక ఫొటోలు వేసుకుంటుంది చూడండి, అదే తంతు. ఆ పిల్లలు ఏ కాలేజీలో చదివినా ర్యాంకు తెచ్చుకునేవాళ్లే. ఇది ఊరికే అంటున్న మాట కాదు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు తమ పాత రికార్డులు తీసి, మామూలు కీమో మాత్రమే తీసుకున్న, జబ్బు పాకిన పేషెంట్లలో "ట్రాన్స్‌ప్లాంట్‌కి అర్హత ఉండేవాళ్లు ఎవరు" అని వేరు చేసి చూశారు. అర్హత ఉన్నవాళ్లు మామూలు కీమోతోనే, అర్హత లేనివాళ్లకంటే చాలా ఎక్కువకాలం బతికారు. లాభం ట్రాన్స్‌ప్లాంట్‌దా, ఎంచుకున్న పేషెంట్లదా అని తేల్చాలంటే ఒకేలాంటి పేషెంట్లని యాదృచ్ఛికంగా రెండు గ్రూపులు చెయ్యాలి. వేరే దారి లేదు.

ఆ ట్రయల్స్ 1990 ప్రాంతంలో మొదలయ్యాయి గానీ పేషెంట్లు చేరలేదు. ఎందుకు చేరతారు? బయట డబ్బు కడితే గ్యారంటీగా ట్రాన్స్‌ప్లాంట్ దొరుకుతుంది, ట్రయల్‌లో చేరితే సగం మందికి దొరకదు. అప్పటికే "ఇదే మెరుగైనది" అని అందరూ నమ్మేశారు. రొమ్ము క్యాన్సర్ ఉన్న నెలీన్ ఫాక్స్ అనే ఆవిడ ట్రాన్స్‌ప్లాంట్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ హెల్త్ నెట్ డబ్బు ఇవ్వనంది. ఆవిడ కుటుంబం విరాళాలు పోగుచేసి చేయించుకుంది, ఆవిడ 1993లో చనిపోయింది. ఆ డిసెంబరులో కాలిఫోర్నియా జ్యూరీ కంపెనీ మీద 8 కోట్ల 90 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆ దెబ్బతో కంపెనీలు దారికొచ్చాయి, కొన్ని రాష్ట్రాలు చట్టాలే చేశాయి. మీ మామయ్య గారు చూసింది ఆ రోజుల్నే. ఆసుపత్రులకి కూడా అది లాభసాటి వ్యవహారమే, ఆ మాట దాచుకోనక్కర్లేదు.

అదే సమయంలో 1994 చివర్లో బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రిలో, ఇలాంటి హై డోస్ కీమోలోనే, బెట్సీ లేమన్ చనిపోయింది. బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్యం శీర్షిక రాసేది, 39 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. నాలుగు రోజుల్లో మొత్తంగా ఇవ్వాల్సిన సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు డోసుని పొరపాటున రోజుకి అంత చొప్పున నాలుగు రోజులూ ఇచ్చేశారు. ఆర్డరు రాసినవాళ్లు, మందు కలిపినవాళ్లు, ఎక్కించినవాళ్లు ఎవరూ పట్టుకోలేదు. ఈరోజు మీ అమ్మగారికి కీమో పెట్టేముందు ఇద్దరు నర్సులు విడివిడిగా డోసు లెక్క చూసి సంతకాలు పెడుతుంటే విసుక్కోకండి. అలాంటి ఘటనల తర్వాతే ఈ జాగ్రత్తలు గట్టిపడ్డాయి.

1999 మే నెలలో అట్లాంటాలో క్యాన్సర్ డాక్టర్ల పెద్ద సమావేశం జరిగింది. అయిదు ట్రయల్స్ ఫలితాలు చెప్పారు. నాలుగింటిలో ఆయుష్షు పెరిగిందన్న స్పష్టమైన రుజువు లేదు. ఒక్క దాంట్లో మాత్రం అద్భుతమైన లాభం. అది జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ డాక్టర్ వెర్నర్ బెజ్‌వోదాది. అందరి ఆశా దాని మీదే. అమెరికాలో దాన్నే పెద్ద ఎత్తున మళ్లీ చేద్దామని, ముందు ఒకసారి ఫైళ్లు చూసొద్దామని 2000 జనవరిలో ఒక బృందం వెళ్లింది.

వాళ్లకి కనబడింది ఆడిట్‌లో కూర్చున్న ప్రతివాళ్లకీ గుండె జారే విషయం. 154 మంది పేషెంట్లతో ట్రయల్ చేశానన్నాడాయన. కొద్దిమంది ఫైళ్లే చూపించగలిగాడు, అవీ అన్నీ హై డోస్ గ్రూపువే. పోల్చి చూసిన రెండో గ్రూపు ఫైలు ఒక్కటీ లేదు. ఉన్న ఫైళ్లలో రాసిందానికీ సమావేశంలో చెప్పినదానికీ పొంతన లేదు. ఒక్క కన్సెంట్ సంతకం లేదు. యూనివర్సిటీ కమిటీ దగ్గర అనుమతి ఇచ్చిన రికార్డే లేదు. ఆయన తప్పు ఒప్పుకున్నాడు, ఉద్యోగం పోయింది. 1995లో వేసిన ఆయన పాత పేపరుని కూడా 2001లో పత్రిక వెనక్కి తీసుకుంది. నేను కన్సెంట్ ఫారంలో తేదీ పేషెంట్ చేతే వేయించాలని పట్టుబడితే "చాదస్తం మేడమ్ మీకు" అంటారు మా జూనియర్లు. వాళ్లకి ఈ కథే చెబుతాను.

మిగిలిన నిజాయితీ గల ట్రయల్స్ ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. జబ్బు ఇతర భాగాలకి పాకినవాళ్లలో 2000లో వచ్చిన ట్రయల్: మూడేళ్లకి ట్రాన్స్‌ప్లాంట్ గ్రూపులో 32 శాతం, మామూలు కీమో గ్రూపులో 38 శాతం బతికున్నారు. తేడా లేదనే లెక్క. అమ్మగారికి సరిగ్గా సరిపోయేది 2003 నాటి అమెరికన్ ట్రయల్. చంకలో పది లేదా అంతకంటే ఎక్కువ గ్రంథులు పాజిటివ్ ఉన్న 540 మంది. ట్రాన్స్‌ప్లాంట్ చేసినందువల్ల జబ్బు తిరగబెట్టకుండా బతికినవాళ్ల సంఖ్య పెరగలేదు. పైగా ఆ గ్రూపులో తొమ్మిది మంది ట్రాన్స్‌ప్లాంట్ ఇబ్బందులతోనే చనిపోయారు, ఇంకో తొమ్మిది మందికి తర్వాత మూలుగ జబ్బో బ్లడ్ క్యాన్సరో వచ్చింది.

రెండో వైపు కూడా చెప్పాలి. అదే ఏడాది వచ్చిన డచ్ ట్రయల్‌లో, పదికి పైగా గ్రంథులున్నవాళ్లలో కొంచెం లాభం కనబడింది. 2011లో 15 ట్రయల్స్, 6,210 మంది వివరాలు కలిపి చూస్తే, జబ్బు తిరగబెట్టడం కాస్త తగ్గింది గానీ మొత్తంమీద బతికినవాళ్ల సంఖ్యలో నమ్మదగిన తేడా రాలేదు. ఎవరైనా ఆ డచ్ పేపరొక్కటే చూపించి మిమ్మల్ని ఒప్పించబోతే ఇది గుర్తుంచుకోండి.

"అయితే ఎనిమిది కీమోలు బలహీనమైన వైద్యమా" అన్నారు. కాదు. డోసు పెంచడం పని చేయలేదు గానీ డోసుల మధ్య ఎడం తగ్గించడం పని చేసింది. 2003లో వచ్చిన ట్రయల్‌లో 2,005 మందికి అవే మందులు, అంతే డోసు. మూడు వారాలకోసారి ఇచ్చినవాళ్లకంటే, తెల్ల కణాలు పెంచే ఇంజెక్షన్ వేస్తూ రెండు వారాలకోసారి ఇచ్చినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. నాలుగేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు రెండు వారాల గ్రూపులో 82 శాతం, మూడు వారాల గ్రూపులో 75 శాతం. మీ డాక్టరు గారిని ఈ విషయం అడగండి. కొందరి గుండె పరిస్థితిని బట్టి, రక్త కణాలను బట్టి మూడు వారాలే మేలంటారు, దానికీ కారణం ఉంటుంది.

అంతకంటే పెద్ద మార్పు, ఇప్పుడు అందరి రొమ్ము క్యాన్సర్‌నీ ఒకే జబ్బుగా చూడటం లేదు. హర్-2 పాజిటివ్ (హర్-2 అనే ప్రోటీన్ ఎక్కువ ఉన్న రకం) అయితే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉంది, మన దేశంలో తయారైన దాని బయోసిమిలర్ (దాదాపు అలాంటిదే అయిన మందు) 2014లో వచ్చాక ధర కొంత దిగింది. హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం) అయితే ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు, ఇన్ని గ్రంథులున్నవాళ్లకి దానికి తోడు అబెమాసిక్లిబ్ అనే మందు. ట్రాన్స్‌ప్లాంట్ మోజులో పదేళ్లకి పైగా పోయిందని నా కోపం. ఆ పేషెంట్లు మొదట్లోనే ట్రయల్స్‌లో చేరి ఉంటే మూడు నాలుగేళ్లలో తేలిపోయేది.

మధ్యలో ఒక మాట. కీమో అంటే అమెరికా వ్యవహారం అన్నట్టు మాట్లాడతారు మనవాళ్లు. 1976లో ఇటలీలో నిరూపించిన, రొమ్ము క్యాన్సర్‌కి తొలి తరం కీమో సీఎంఎఫ్ (మూడు మందుల మొదటి అక్షరాలు) పేరులో మధ్య అక్షరం మెథోట్రెక్సేట్. ఆ మందుల కుటుంబం వచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన లెడర్లే ల్యాబు నుంచి. దాత నుంచి మూలుగ తీసుకున్నవాళ్లకి ఆ కణాలు ఒంటి మీద తిరగబడకుండా ఇప్పటికీ అదే మందు కొద్ది డోసులో ఇస్తాం.

ఇక ట్రయల్ సంగతి. "కంప్యూటర్ లాటరీ వేస్తుందట" అని బాధపడ్డారు. నేను కన్సెంట్ చదివి వినిపించిన ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న, "ఏ గ్రూపు మంచిది మేడమ్?" అని. నాకు తెలిస్తే, డాక్టరుకి తెలిస్తే ఆ ట్రయల్ చేయడమే తప్పు. ఒకసారి ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుటుంబం, కొత్త మందు గ్రూపులోనే వెయ్యాలని ఎమ్మెల్యే గారి చేత మా డాక్టరుకి ఫోన్ చేయించారు. మా డాక్టరు స్పీకర్ ఆన్ చేసి, "సార్, నేను మా అమ్మని చేర్చినా నాకు ఆ అధికారం లేదు" అన్నారు. ఆ ట్రయల్ ఫలితం వచ్చాక చూస్తే కొత్త మందుకీ పాతదానికీ తేడా ఏమీ లేదు.

క్యాన్సర్ ట్రయల్స్‌లో సాధారణంగా ఎవరికీ ఉత్త సెలైన్ ఎక్కించి వదిలెయ్యరు. ఒక గ్రూపుకి ఇప్పుడున్న మంచి వైద్యం, ఇంకో గ్రూపుకి దానికి అదనంగానో బదులుగానో కొత్తది ఇస్తారు. అమ్మగారి ట్రయల్‌లో కూడా అలాగేనా అన్నది ఫారంలో రాసి ఉంటుంది, అది మొదట చూడండి. తర్వాత ఇవి అడగండి:

ట్రయల్ మన దేశపు రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదైందా, నంబరు ఎంత? 2009 నుంచి అది తప్పనిసరి. నంబరు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. ట్రయల్ మందుకి, ట్రయల్ కోసం చేసే అదనపు పరీక్షలకి డబ్బు ఎవరు పెడతారు? ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే వైద్యం, నష్టపరిహారం ఎవరిది? 2019 నిబంధనల్లో దీనికి స్పష్టమైన ఏర్పాటు ఉంది, ఫారంలోనూ రాసి ఉండాలి. మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదు కదా? ఆగకూడదు. తెలుగు ఫారం ఇచ్చి ఇంటికి తీసుకెళ్లి చదవనిస్తారా? "ఇప్పుడే సంతకం పెట్టండి, రేపైతే సీటు ఉండదు" అన్నారంటే అనుమానించండి.

సంతకం అమ్మగారిది. మీది కాదు, నాన్నగారిది కాదు. మన ఇళ్లలో "ఆవిడకేం తెలుసు, నేను పెడతా ఇవ్వండి" అని పెన్ను లాక్కునే భర్తల్ని తరచూ చూస్తాను. ఆవిడకి జబ్బు పేరు కూడా చెప్పకుండా ట్రయల్‌లో చేర్చమని అడిగేవాళ్లూ ఉన్నారు. కుదరదు. మీ ప్రశ్నలో ఒకచోట "అమ్మకి పూర్తిగా చెప్పలేదు" అని ఉంది. చెప్పండి. పదకొండు గ్రంథులు అనే అంకె చెప్పకపోయినా, జబ్బేమిటో, కీమో ఎందుకో, కంప్యూటర్ ఏం చేస్తుందో చెప్పాలి.

ఇంకొకటి. "స్టెమ్ సెల్స్ ఎక్కించి క్యాన్సర్ తగ్గిస్తాం" అన్న క్లినిక్ గురించి అడిగారు. మన దేశంలో క్యాన్సర్ విషయంలో మూలకణాలతో ఆమోదం పొందిన మామూలు వైద్యం, రక్త, మూలుగ జబ్బుల్లాంటివాటికి చేసే ట్రాన్స్‌ప్లాంటే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం మిగతావి అనుమతి పొందిన ట్రయల్‌లోనే చెయ్యాలి, డబ్బు తీసుకుని అమ్మకూడదు. వాళ్లని కూడా సీటీఆర్‌ఐ నంబరు అడిగి చూడండి, ఫోన్ పెట్టేస్తారు.

మామయ్య గారి డబ్బు విషయానికొస్తే, వద్దనకండి. కీమో మధ్యలో జ్వరం వస్తే అర్ధరాత్రి అడ్మిషన్లు, తెల్ల కణాల ఇంజెక్షన్లు, రేడియేషన్ కోసం ఊరు వదిలి వారాల తరబడి రూము అద్దె, ఇవే కుటుంబాల్ని అప్పుల్లోకి దించేవి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే కీమో, రేడియేషన్ అందులో ఎంతవరకు వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి.

బయాప్సీ రిపోర్టు రెండో పేజీలో ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోన్ పరీక్షలు), హర్-2 అని మూడు వరుసలుంటాయి. పేరు, నంబరు చెరిపేసి ఆ మూడూ ఇక్కడ రాయండి. హర్-2 ఎదురుగా "2+" అని ఉంటే ఎటూ తేలలేదని అర్థం, దాన్ని తేల్చే ఫిష్ టెస్టు చేయించారా లేదా అన్నది కీమో మొదలుపెట్టేలోపు కనుక్కోండి.